తీగలు దించిన మంగళవారం

ఫింటన్ తొమ్మిదింటికే వచ్చాడు,
భుజాన నిచ్చెన, చెవి వెనక పెన్సిలు.
బయట బాలినా ఊరంతా వాన, నది మీద నది.
లోపల మా బట్టల కొట్టులో
నాలుగు కౌంటర్ల నుంచి నాలుగు ఇనప తీగలు
గాల్లోనే నడిచి వెళ్లి
మూలనున్న చెక్క గూట్లో కలుసుకుంటాయి.

కప్పు కిందికి దించాలి, వేడంతా పైకి పోతోందన్నాడు ఇంజనీరు.
అంత ఎత్తు పెట్టించిందే ఆ తీగల కోసం, మా ముత్తాత.
పోయిన చలికాలం కరెంటు బిల్లు చూశాక గానీ
ఆయనకి ఎదురు చెప్పే ధైర్యం రాలేదు నాకు.

అప్పట్లో కౌంటర్లో డబ్బుండేది కాదు.
గజం ఫ్లానెల్ చింపి, చీటీ రాసి,
నోటు మడిచి చెక్క డబ్బీలో పెట్టి మర బిగించి
పిడి ఒక్క లాగు లాగితే
జుయ్‌మని
గొడుగుల మీంచి, ఉన్ని టోపీల మీంచి,
తొలి ప్రసాదం పిల్లల తెల్ల గౌన్ల మీంచి,
చనిపోయినవాళ్లకి తొడిగే గోధుమరంగు అంగీల బీరువా మీంచి
పోయి గూటికి తగిలేది. టక్.
గూట్లో మేనత్త డింప్నా.
లెక్క చూసి, చిల్లర వేసి, తిప్పి కొట్టేది.

"డబ్బులు పక్షులా నాన్నా?" అన్నానట ఎనిమిదో ఏట.
"అవును, మనింటి మీద మాత్రం వాలవు" అన్నాడు నాన్న.

సంత రోజున రైతులు
ఒక్క దారపుండకి పెద్ద నోటిచ్చేవాళ్లు,
చంకలో పిల్లాడికి ఆ ఎగురుడు చూపించడానికి.

ఇప్పుడు కార్డు ఆనిస్తే మిషను కీచుమంటుంది.
డబ్బు ఎటు పోయిందో ఎవరికీ కనపడదు.
అయినా ముసలివాళ్లు ఓసారి తలెత్తుతారు,
రసీదు పైనుంచే రావాలన్నట్టు.

మూడేళ్లు వాయిదా వేశాను.
తీగలకి తుప్పు గీకి నూనె రాశాను.
మ్యూజియంకి ఉత్తరం రాస్తే
ఇప్పటికే రెండున్నాయి, మన్నించండన్నారు.

పదింటికి అత్త వచ్చింది, ఎనభయ్యారేళ్లు, రెండు కర్రలు.
కుర్చీ వేసి ఉంచాను. జేబులో ఉతికిన రుమాలు కూడా, ఆమె కోసం.
గూటి వంక చూసి, "ముందు దాన్ని కొట్టెయ్ ఫింటన్" అంది.

"నలభై ఒక్క ఏళ్లు. మెడ మీద ఒకటే చలిగాలి.
ఈ ఊళ్లో ఎవరి పాపిట ఎటో చెప్పగలను,
ఎవరికి బట్టతల ఎప్పుడు మొదలైందో చెప్పగలను.
మొహాలు మటుకు చర్చిలోనే చూశాను."

నేను నోరు తెరిచి, మూసుకున్నాను.
నేను తిరునాళ్లలా దాచుకున్నది
ఆమెకి కొలువు.

ఫింటన్ నాకేసి తిరిగి గొంతు తగ్గించాడు:
"పీకడం కంటే వదిలెయ్యడం చౌక.
కొత్త కప్పు పైన ఎవరు చూడొచ్చారు?"
సరేనన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.
కర్ర నేలకి తాటించింది అత్త.
"చీకట్లో వేలాడదీసి ఎవర్ని మోయమంటావే?
తీస్తే తియ్. లేదా నన్నే మళ్లీ ఎక్కించు."

మొదటి తీగ తెగి
పాములా చుట్టుకుని టోపీల స్టాండు పడగొట్టింది.
రెండోదీ మూడోదీ మామూలుగానే.
నాలుగోదానికి కత్తెర నా చేతికిచ్చాడు.
మూడుసార్లు నొక్కాను. నా బలం చాల్లేదో, నేనే సరిగా నొక్కలేదో.

మధ్యాహ్నం ఒకావిడ మేజోళ్లు కొంది.
మిషను కీచుమంది.
ఇద్దరం ఒకేసారి తలెత్తాం.
నిచ్చెన మీద ఫింటన్ బూట్లు, అంతే.

గూడు ఊడిన చోట గోడకి
తీగ కొక్కెం పీకిన కంత,
వేలు దూరేంత.
అత్త కుర్చీలోంచే కర్ర ఎత్తి చూపించింది.
"అదీ! అక్కణ్ణుంచే వచ్చేది గాలి.
కిటికీని తిట్టుకున్నానే ఇన్నాళ్లూ."

ఫింటన్ చెంచాడు పుట్టీ తీసి
బొటనవేలితో అదిమాడు.
ఇంకో మేకు వెతుక్కుంటూ
ఈల వేశాడు.